దుర్గారావుకో ఇనప టోపీ

విశాఖపట్నంలో గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక టైలరు కొట్టు ఉండేది. దాని పక్కనుంచి ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత ఇరుకు మెట్లు. పైకెక్కితే నెట్ సెంటరు. పదకొండు కంప్యూటర్లుంటే ఎప్పుడూ తొమ్మిదే పనిచేసేవి. గుమ్మంలో చెప్పులు విడవాలి. లోపలికెళ్తే ఏసీ చల్లదనం, దుమ్ము పట్టిన కీబోర్డు వాసన, ఎవరో తెచ్చుకున్న పునుగుల పొట్లం వాసన కలిసి వచ్చేవి. గంటకు 20 రూపాయలు. అరగంటకు 12. ఆ రెండు రూపాయల తేడా భరించలేక ఇద్దరం కలిసి గంట తీసుకునేవాళ్ళం. ఒకడు ఆడితే రెండోవాడు వెనక నిలబడి చూడాలి. అరగంటకు కుర్చీ మారాలి.

అది 2002. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మాథ్స్ ట్యూషనుకని ఇంట్లో చెప్పి మెట్లెక్కేవాణ్ణి. ముందువైపు కంప్యూటర్ల దగ్గర పెద్దవాళ్ళు వీఎస్ఎన్ఎల్ లైను మీద యాహూ తెరుచుకునే దాకా ఓపిగ్గా కూర్చునేవారు. అమెరికాలో ఉన్న కొడుక్కి మెయిలు కొట్టించుకోవడానికి వచ్చిన తాతలు, ఫలితాల కోసం హాల్ టికెట్ పట్టుకుని వచ్చిన పిల్లలు అక్కడే. వెనకవైపు నాలుగు కంప్యూటర్లు మావి. వాటికి ఇంటర్నెట్టుతో పని లేదు. ఒకదానికొకటి తీగతో కలిపి ఉంటే చాలు. వాటిలో ఉన్న ఆట పేరు డయాబ్లో 2.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో బ్లిజార్డ్ నార్త్ అనే స్టూడియో చేసిన ఆట అది. 2000 జూన్‌లో వచ్చింది. ఒక పాత్రను ఎంచుకుని, రాక్షసుల్ని చంపుకుంటూ, అనుభవం కూడబెట్టుకుంటూ, లెవెల్ మీద లెవెల్ ఎక్కుతూ పోవాలి. పైమెట్టు 99. మరుసటి ఏడాది దానికి అనుబంధంగా లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ వచ్చింది. దాంతో పాత్రలు ఐదు నుంచి ఏడయ్యాయి. మా దగ్గరకొచ్చిన సీడీల మీద పేర్లు మార్కర్‌తో రాసి ఉండేవి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు, ఓనరన్న చెప్పలేదు.

ఆటలో వీరుడు ఒంటరివాడు కాడు. ఊళ్ళో డబ్బిచ్చి ఒక మనిషిని వెంట తీసుకెళ్ళొచ్చు. మన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు ఇందులో వింతేముంది? పాతాళ భైరవిలో తోట రాముడికి అంజి లేడూ? కాకపోతే అంజి స్నేహితుడు, వీడు కూలివాడు. ఆట భాషలో మెర్సినరీ. గాజువాక కుర్రాళ్ళ నోట్లో పడేసరికి మెర్సీ అయ్యాడు. మొదటి అంకంలో కాష్యా అనే ఆవిడ దగ్గర విలుకత్తెలు దొరుకుతారు. రెండో అంకంలో లట్ గొలైన్ అనే ఎడారి రేవుపట్నం, అక్కడ గ్రేజ్ అనేవాడి దగ్గర ఈటెగాళ్ళు. మూడో అంకంలో అషారా దగ్గర మంత్రగాళ్ళు. ఐదో అంకంలో మంచుకొండ మీద క్వాల్-కెక్ దగ్గర కత్తులవాళ్ళు. ఎక్కడికక్కడ ఒక మేస్త్రీ, వాడి కింద మనుషులు. స్టీల్ ప్లాంటు గేటు ముందు తెల్లారి నిలబడే గుంపుల్ని చూస్తూ పెరిగిన మాకు ఈ ఏర్పాటు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

2000లో వచ్చిన అసలు ఆటలో ఈ కూలివాడి బతుకు అన్యాయంగా ఉండేది. వాడికి ఆయుధం మార్చలేం, కవచం తొడగలేం. అంకం మారితే మనతో రాడు. చస్తే అంతే, ఇంకొకణ్ణి తెచ్చుకోవాలి. అందుకని ఎవరూ వాణ్ణి పట్టించుకునేవారు కాదు. రాక్షసుల గుంపులోకి ముందు వాణ్ణి తోసి, వాడు చచ్చేలోపు మనం నాలుగు దెబ్బలు వేసుకోవడమే యుద్ధనీతి.

2001లో అనుబంధం వచ్చాక లెక్క మారింది. కూలివాడు అంకం దాటి మన వెంట రావడం మొదలుపెట్టాడు. అనుభవం పెంచుకోవడం, లెవెల్ ఎక్కడం నేర్చాడు. కీబోర్డు మీద ‘ఓ’ నొక్కితే వాడికంటూ ఒక పేజీ తెరుచుకునేది. అందులో వాడి సామానుకు గడులు: తలకు టోపీ, ఒంటికి కవచం, చేతికి ఆయుధం. చస్తే ఊళ్ళో మేస్త్రీకి డబ్బు కట్టి తిరిగి లేపుకోవచ్చు. లెవెల్ పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరిగి 50,000 బంగారు నాణేల దాకా పోయేది. నాలుగో అంకంలో ఆ పని చేసేది టైరియల్ అనే దేవదూత. ఆయనా ఊరికే లేపడు, ముందు డబ్బు పుచ్చుకుంటాడు.

నేను ఎంచుకున్నది మంత్రగత్తె. దూరం నుంచి నిప్పులు కురిపిస్తుంది కానీ దగ్గరకొచ్చి ఎవడైనా నాలుగు బాదితే కూలిపోతుంది. అలాంటి పాత్రకు ముందు నిలబడే మనిషి తప్పనిసరి. లట్ గొలైన్ చేరగానే గ్రేజ్ దగ్గరకు పరిగెత్తాను. జాబితాలో పేర్లు వరసగా కనిపించాయి. ఆ పేర్లలో కొన్ని మనవే! నీరజ్, ప్రథమ్, విఖ్యాత్. వాటి మధ్యలో దుర్గ.

నేనూ, నా వెనక నిలబడ్డ, స్టీల్ ప్లాంటు కాలనీ ఉక్కునగరం నుంచి వచ్చే కుర్రాడూ ఒకేసారి అరిచాం. మగవాడికి ఆ పేరేమిటని మాకెవరికీ అనిపించలేదు. మా వీధిలోనే దుర్గారావులు నలుగురుండేవారు. నాణేలు లెక్కపెట్టి వాణ్ణి కూలికి తీసుకున్నాం. ఆ క్షణం నుంచి వాడు మాకు దుర్గారావే.

దుర్గారావు ఈటె పట్టుకుని ముందు నడిచేవాడు. వాణ్ణి పెంచడం ఎలాగో మాకెవరూ పుస్తకంలో రాసివ్వలేదు. వెనక నిలబడ్డవాళ్ళే గురువులు. వాడి లెవెల్ మన లెవెల్‌ను దాటదు. మనం ఎదిగితేనే వాడూ ఎదుగుతాడు. వాడు చంపిన రాక్షసుడి అనుభవం మనకూ దక్కుతుంది కానీ, వాడు చచ్చి పడి ఉన్నప్పుడు మనం ఎంతమందిని చంపినా వాడికి చిల్లిగవ్వ రాదు. అంచేత వాడు బతికుండటమే వాడి చదువు. షిఫ్ట్ మీట నొక్కి పట్టి అంకె కొడితే మన నడుం పట్టీలోని ఎర్రమందు వాడి నోట్లో పడేది. మొదట్లో ఆ మందు ఇవ్వడానికి చెయ్యి వచ్చేది కాదు. నాకు తక్కువైతే? ‘ఆడికెయ్యరా బాబూ, ఆడు పోతే నీకు దిక్కెవరు?’ అని వెనకనుంచి ఒకడు మొత్తుకునేవాడు.

ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నర దాటింది. ట్యూషను ఎప్పుడో అయిపోయి ఉండాలి. వెనక నిలబడ్డవాళ్ళ గొడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. తిరిగి చూస్తే నాన్న.

మా నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. ఎనభైల్లో ప్లాంటు కడుతున్నప్పుడు కూలికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, అప్పటికి కాంట్రాక్టు పనుల్లో ఒక గ్యాంగుకు మేస్త్రీ అయ్యాడు. ప్లాంటులో రెండు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని పేర్లు. ‘ఈ ఏళ గోదారి కాడ పని’ అని నాన్న అంటే చిన్నప్పుడు నది దగ్గరకు వెళ్ళొచ్చాడనుకునేవాణ్ణి. ఆ రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చేతిలో టిఫిను డబ్బా, చంకలో పసుపుపచ్చ హెల్మెట్టు.

చెంప మీద చెయ్యి పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తెర మీద ‘ఓ’ పేజీ తెరిచి ఉంది. నాన్న దాన్నే చూస్తున్నాడు.

‘ఆడెవుడ్రా?’

‘కూలికొచ్చినోడు నాన్నా.’

‘కూలెంత?’

‘మొదట ఒకసారి ఇచ్చేస్తాం. అంతే.’

‘ఒకపాలే ఇచ్చీసి బతుకంతా పని చేయించుకుంతారేటి?’

నేనేం మాట్లాడలేదు. నాన్న వేలు తెర మీద మొదటి గడి దగ్గర ఆగింది. ఖాళీ గడి. కవచం ఉంది, ఈటె ఉంది, టోపీ లేదు. నాకు దొరికిన మంచి టోపీ నా మంత్రగత్తె తలమీదే ఉంది.

‘టోపీ నేదేటి ఆడికి?’

‘లేదు నాన్నా. ఇంకా...’

‘నీకుందా?’

‘ఉంది.’

‘నువ్వెక్కడ నిలబడతావు? ఆడెక్కడ నిలబడతాడు?’

‘వాడు ముందు. నేను వెనక.’

‘మరి టోపీ ఎవడికెట్టాలి?’

తొమ్మిది కంప్యూటర్ల దగ్గరా నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న నవ్వలేదు. నేను మంత్రగత్తె టోపీ తీసి దుర్గారావు గడిలో పెట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. పెట్టాక ఇంకో ప్రశ్న వేశాడు. ‘మరి బూట్లు?’ ఈ ఆటలో వీళ్ళకు బూట్లు, చేతి తొడుగులు పెట్టే గడులే లేవన్నాను. నాన్న తల పంకించి, ‘ఈ ఆట కట్టినోడెవడో మా కంట్రాక్టరునాటోడే’ అన్నాడు. అప్పుడు మాత్రం అందరితో పాటు తనూ నవ్వాడు. మెట్లు దిగాక ట్యూషను సంగతి మరిచిపోలేదు, పడాల్సిన దెబ్బలు ఇంటి దగ్గర పడ్డాయి.

ఆ టోపీతో ఆట మారిపోయింది. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. అంతకుముందు దుర్గారావు ప్రతి పావుగంటకూ చచ్చేవాడు. నేను నాణేలు మోసుకుని గ్రేజ్ దగ్గరకు పరిగెత్తేవాణ్ణి. లేపడానికి పోసిన డబ్బుతో మంచి కవచమే కొనుక్కోవచ్చు. టోపీ పెట్టాక వాడు నిలబడ్డాడు. నిలబడ్డవాడు లెవెల్ ఎక్కాడు. లెవెల్ ఎక్కినవాడి ఈటె ఇంకా గట్టిగా దిగింది. మాలో తెలివైనవాడొకడు ఇంకో సంగతి కనిపెట్టాడు. కొన్ని ఆయుధాలతో కొట్టిన ప్రతి దెబ్బకూ కొట్టినవాడి ప్రాణం కొంత తిరిగి నిండుతుంది. అలాంటి ఈటె ఒకటి దుర్గారావు చేతిలో పెట్టాం. ఆ తర్వాత ఎర్రమందుల ఖర్చు సగానికి పడిపోయింది.

అన్నిటికంటే చిత్రం ఎతీరియల్ వస్తువులది. నీడలా పలచగా, వెనకున్నది కనిపించేట్టు ఉండేవి అవి. మామూలు వాటికంటే సగం ఎక్కువ బలం. కానీ త్వరగా అరిగిపోతాయి, ఏ కమ్మరీ బాగుచేయలేడు. అంచేత వీరుడికి అవి దండగ, దొరికిన చోటే పారేసేవాళ్ళం. కూలివాడి దగ్గర మాత్రం ఏ వస్తువూ అరగదు. ఆట రాసినవాళ్ళు అలా ఏర్పాటు చేశారు. దొర పారేసిన కవచం కూలివాడి ఒంటి మీద ఎప్పటికీ కొత్తగా ఉంటుంది. ఈ సంగతి నాన్నకు చెప్తే కాసేపు ఆలోచించి, ‘మా కాడ తిరగేసి ఉంతాదిరా’ అన్నాడు.

దుర్గారావును కాపాడుకోవడం ఒక ఎత్తయితే, వాడు ఉండే ఫైలును కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఆట మొత్తం ఆ కంప్యూటర్లో సేవ్ అనే ఫోల్డరులో దాగేది. నా మంత్రగత్తె ఏడో నంబరు కంప్యూటర్లో ఉంటే, ఏడో నంబరు దగ్గర ఇంకెవరో కూర్చుని ఆడుతుంటే, ఆ పూట నాకు ఆట లేనట్టే. అందుకని జేబులో ఫ్లాపీ పెట్టుకు తిరిగేవాళ్ళం. 1.44 ఎంబీల నల్లటి పలక. పాత్ర ఫైలు పది కేబీ లోపే. అందులోనే మంత్రగత్తె, ఆమె సామాను, దుర్గారావు, వాడి టోపీ అన్నీ ఇమిడిపోయేవి. గాజువాక ఎండకు ఫ్లాపీ పాడవుతుందని ఒకడు దాన్ని టిఫిను డబ్బాలో పెట్టుకు వచ్చేవాడు. పెరుగన్నం కారి ఆ ఫ్లాపీ పోయింది. రెండు నెలల ఆట పెరుగుపాలు.

దుర్గారావును చాలాసార్లు పోగొట్టుకున్నాను, తిరిగి లేపుకున్నాను. రెండో అంకం చివర డ్యూరియల్ అనే పురుగులాంటి రాక్షసుడుంటాడు. గది ఇరుకు. అడుగుపెట్టగానే మీద పడతాడు, వాడి చలికి మన కాళ్ళు కదలవు. అక్కడ దుర్గారావు మూడుసార్లు పడిపోయాడు. నాలుగోసారి నిలబడ్డాడు. డ్యూరియల్ కూలినప్పుడు వెనక నిలబడ్డ ఐదుగురూ చేసిన కేకలకు కింద టైలరు పైకొచ్చి తిట్టిపోయాడు.

నిజంగా పోగొట్టుకున్నవాడు మాత్రం నా స్నేహితుడు, ఆ ఉక్కునగరం కుర్రాడు. వాడి దగ్గరా ఒక ఈటెగాడుండేవాడు, మంచి సరంజామాతో. కొత్త ఈటెగాడికి రాక్షసుల్ని చలితో మందగించేలా చేసే శక్తి ఉందని విని, ఆవేశపడి గ్రేజ్ దగ్గర వాణ్ణి కూలికి తీసుకున్నాడు. కొత్తవాడు రాగానే పాతవాడు మాయం. ఒంటి మీదున్న టోపీ, కవచం, ఆయుధం అన్నీ వాడితోనే పోయాయి. పాతవాణ్ణి మాన్పించే ముందు వాడి ఒంటిమీద సామాను దించుకోవాలన్న సంగతి మాకప్పుడే తెలిసింది. వాడు అరగంట మాట్లాడకుండా కూర్చున్నాడు. పోయిన సామాను కోసం ఏడుస్తున్నాడనుకున్నాం. చివరికి వాడన్న మాట, ‘ఆడి పేరేటో కూడా గుర్తులేదురా’ అని. అంతకాలం ముందు నిలబడి దెబ్బలు తిన్నవాడి పేరు ఒకసారి కూడా చదవలేదట.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా ఊరి చరిత్రంతా కూలికొచ్చిన మనుషుల చరిత్రే. 1933లో విశాఖ రేవు తెరిచినప్పుడు మొదట లోపలికొచ్చిన ఓడ పేరు జలదుర్గ అని మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. అందులోంచి మొదటి మూట దించిన కళాసీ పేరు ఎవరికీ తెలియదు. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారని, 1992 ఆగస్టులో పీవీ జాతికి అంకితం చేశారని క్విజ్ పోటీల్లో మాకు ప్రశ్నలు వచ్చేవి. గోదావరి అనే కొలిమికి ఇటుక మోసినవాళ్ళ గురించి ప్రశ్న రాలేదు. వాళ్ళలో మా నాన్న ఒకడు.

ఆ నెట్ సెంటరు బతుకు ఎప్పుడు పోయిందో తేదీ వేసి చెప్పలేను. ముందు ఉక్కునగరం క్వార్టర్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాడు మెట్లెక్కడం మానేశాడు. తర్వాత బ్రాడ్‌బ్యాండు వచ్చింది. 2005లో బ్లిజార్డ్ నార్త్ స్టూడియోనే మూసేశారు. 2011లో సైబర్ కెఫేలకు ప్రభుత్వం కొత్త నియమాలు పెట్టింది. వచ్చినవాడి గుర్తింపు కార్డు చూడాలి, పేరు రాసుకోవాలి, ఆ వివరాలు ఏడాది పాటు దాచాలి. పదహారేళ్ళ కుర్రాళ్ళు ఫ్లాపీతో వచ్చి పోయే చోటు అది ఇంక కాదు. ఆ తర్వాత అందరి చేతిలోకీ ఫోను వచ్చేసింది. మా నెట్ సెంటరు కొన్నాళ్ళు జిరాక్సు, ఆధారు పనులతో లాక్కొచ్చింది. ఇప్పుడు ఆ మెట్ల పైన కర్రీ పాయింటు. టైలరు కొట్టు కూడా లేదు.

పోయింది ఆట కాదు. ఆటను మళ్ళీ రంగులు దిద్ది 2021 సెప్టెంబరులో విడుదల చేశారు. కొనుక్కున్నాను కూడా. బొమ్మలు అద్దంలా ఉన్నాయి. నొక్కులు అవే, రాక్షసులు వాళ్ళే. వెనక నిలబడేవాళ్ళే లేరు. ఇరవై రూపాయలకు సగం వాటా పెట్టి, తన వంతు కోసం చూస్తూ, నా ఆటను తన ఆటగా ఆడే మనిషి లేడు. ఆలోచిస్తే మా అందరికీ ఆ రోజుల్లో అసలు తోడు వాడే. ఆడేవాడి చేతి చురుకు వాడివల్లే పెరిగేది. ‘మందెయ్యరా, మందెయ్యి’ అని అరిచేది వాడు. ఇప్పటి పిల్లలు వేల మందితో కలిసి ఆన్‌లైన్లో ఆడుతున్నారు. వాళ్ళను తక్కువ చేయను, వాళ్ళ స్నేహాలు వాళ్ళవి. కానీ భుజం మీద చెయ్యి పడని ఆట నాకు కొత్త.

నాన్న రిటైరై పదేళ్ళు దాటింది. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో ఆట తెరిచి చూపించాను. మనవడు ఒళ్ళో కూర్చున్నాడు. లట్ గొలైన్ వెళ్ళి గ్రేజ్ జాబితా తెరిచాను. దుర్గ పేరు ఆ పూట రాలేదు. విఖ్యాత్‌ను తీసుకున్నాను. కళ్ళద్దాలు సరిచేసుకుని నాన్న అడిగిన మొదటి మాట అదే, ‘ఈడికి టోపీ ఉందేటి?’

మేస్త్రీగా ఉన్నన్నాళ్ళూ తన గ్యాంగులో ఒక్కణ్ణి కూడా టోపీ లేకుండా పనిలోకి దించలేదని, దాని కోసం రెండుసార్లు పని పోగొట్టుకున్నాడని ఆ రోజే మొదటిసారి అమ్మ నోట విన్నాను. నాన్న ఆ సంగతి ఎప్పుడూ ఇంట్లో చెప్పలేదట.

ఆట నాకు నేర్పిన లెక్క ఒకటే. కూలివాణ్ణి తిరిగి లేపడానికి అయ్యే ఖర్చు కంటే వాడి తలకు టోపీ పెట్టడానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ తక్కువే. లట్ గొలైన్‌లో ఈ లెక్క తప్పినా 50,000 నాణేలతో పోతుంది. గాజువాకలో డబ్బు కడితే మనిషిని లేపి ఇచ్చే గ్రేజ్ ఎవరూ లేరు.